ముసలెనుముకు కూత నేర్పింది నేను

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న ఆడపిల్లలు నన్ను రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. భయం వేయలేదా అనేది ఒకటి. ఇంజన్లో బాత్రూము ఉండదట కదా, ఏం చేశారు అనేది రెండోది. రెండో ప్రశ్న అడిగిన పిల్లలు ఈ పనిలో నిలబడతారు. మొదటిది అడిగినవాళ్ళు పేపర్లో ఫోటో పడగానే ఆఫీసు డ్యూటీకి దరఖాస్తు పెట్టుకుంటారు. నేను చూసినంతలో ఈ లెక్క తప్పలేదు.

రెండో ప్రశ్నకు నా జవాబు ఇది. నీళ్ళు తాగడం మానేశాను, కిడ్నీలో రాళ్ళు తెచ్చుకున్నాను. మీరు ఆ పని చేయకండి. బండి ఆగిన చోట దిగి వెళ్ళండి. ఆలస్యమైతే కానివ్వండి. ఎందుకు ఆలస్యమైందని అడిగిన అధికారికి ఉన్నది ఉన్నట్టు, పక్క బల్ల వాళ్ళకు కూడా వినపడేట్టు చెప్పండి. ఒకసారి చెబితే చాలు, జన్మలో మళ్ళీ అడగడు.

ఇంజన్ నిచ్చెన ఎక్కలేక మోకాళ్ళు మొండికేసేసరికి, ఇంకా సర్వీసు ఉండగానే నేను రిటైర్మెంటు తీసుకున్నాను. మార్కాపురంలో ఇంట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. అవి అందరికీ వస్తాయి, కాస్త ముందూ వెనుకా. ఒక ఇంజన్ గురించి, ఒక మనిషి గురించి, ఒక గొర్ల మంద గురించి రాస్తాను. మొదటి రెండింటి మీదా నాకు ఉన్నది ఒకటే, కుళ్ళు. అసూయ అంటే పద్ధతిగా ఉంటుంది గానీ, నాకున్నది కుళ్ళే.

పెద్దమ్మ

మా లైను మీద చిన్న పట్టాలు తీసేసి పెద్ద పట్టాలు వేశాక, ఎక్కడెక్కడో అరిగిపోయిన డీజిల్ ఇంజన్లను తెచ్చి మాకు ఇచ్చారు. అందులో ఒకటి మా వైపు వచ్చేనాటికే సగం జీవితం అయిపోయింది. దాన్ని షెడ్డులో వాళ్ళు పెద్దమ్మ అనేవాళ్ళు. గిద్దలూరు అవతల కొండ అంచుల్లో గొర్లు కాసేవాళ్ళు ముసలెనుము, అంటే ముసలి గేదె, అనేవాళ్ళు. రెండు పేర్లూ దానికి సరిపోయాయి.

పొద్దున్నే స్టార్టు చేస్తే దగ్గు. దగ్గిన కాసేపటికి స్టేషనంతా నల్లటి పొగ. కింద ఎక్కడో ఒకచోట ఆయిలు కారుతూనే ఉండేది. ఎక్కడి నుంచి కారుతుందో కనుక్కుని బిగిస్తే, మర్నాటికి ఇంకోచోట మొదలయ్యేది. డ్రైవరు వైపు కిటికీ పూర్తిగా మూసుకునేది కాదు. వానాకాలం ఎడమ భుజం పొడి, కుడి భుజం తడి. కూత పెట్టే గొట్టాల్లో ఒకటి పగిలింది, అందుకని దాని కూత బొంగురు. గొంతు పోయిన మనిషి చివరి మాటను ఈడ్చినట్టు ఉండేది.

దానితో పని నేర్చుకోవడమంటే చెవితో నేర్చుకోవడమే. మీటర్లు ఉండేవి, నమ్మితే ముంచేవి. ఎత్తు ఎక్కేటప్పుడు వేగం పెంచే థ్రాటిల్‌ను ఒక్కో మెట్టూ పెంచుతూ పోవాలి. నాలుగో మెట్టు మీద అది ఒక్క క్షణం ఊపిరి బిగబట్టేది. ఆ క్షణం ఆగి, మళ్ళీ గొంతు విడిచాక ఐదుకు పోవాలి. ఆగకుండా తోస్తే అలిగి కూర్చునేది. కొత్తవాళ్ళకు నేను చెప్పేదొకటే: ఇంజన్ ఏం చెబుతుందో వినండి, కానీ దాన్ని ముద్దు చేయకండి. ముద్దు చేసేవాళ్ళు మా దగ్గర ఎక్కువైపోయారు.

నా కడుపుమంట అక్కడే మొదలు. పెద్దమ్మ మధ్యదారిలో మొరాయించి రెండు ఎక్స్‌ప్రెస్సులను ఆపేసినా సరే, షెడ్డులో ఎవరూ కోప్పడేవాళ్ళు కాదు. "ముసలిది పాపం, మెల్లగా చూసుకోండి" అనేవాడు మా లోకో ఇన్‌స్పెక్టరు, దాని పక్క తడుతూ. నాకు నలభై అయిదు దాటి, ఒళ్ళంతా ఉన్నట్టుండి ఆవిర్లు కమ్మి చెమటలు పట్టే రోజులు వచ్చినప్పుడు అదే ఇన్‌స్పెక్టరు, అదే నోటితో, ఈ వయసులో మీకెందుకమ్మా ఈ తంటా, లాబీ ఆఫీసులో కూర్చుని డ్రైవర్లకు డ్యూటీలు వేయండి అన్నాడు. దానికి ఆయిలు కారితే పాపం. నాకు చెమట కారితే లాబీ. ఒక ఆడమనిషి ఒక ఇనుప ముద్దను చూసి కుళ్ళుకోవడం ఏమిటని మీరు నవ్వవచ్చు. ముందు మీకు ఆ వయసు రానివ్వండి.

కేశవులు అన్న

మనిషి పేరు చెన్నకేశవులు. మార్కాపురం వాడే. నాకంటే ముందు చేరాడు, నేను అసిస్టెంటుగా చేరిన కొత్తల్లో ఆయన పక్కనే కూర్చున్నాను. ఆ తర్వాత నేనూ డ్రైవర్నయ్యాను, పెద్దమ్మను ఆయన ఎన్ని రోజులు తోలాడో ఇంచుమించు నేనూ అన్ని రోజులు తోలాను. కానీ లైనంతా అనుకునేది మాత్రం, ఆ ఇంజన్ కేశవులు మాట తప్ప ఇంకెవరి మాటా వినదని.

న్యాయం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఆయన బ్రేకు చెయ్యి గొప్పది. కంభం స్టేషన్లో ఆయన బండి ఆపితే, కిటికీకి తల ఆనించి కునుకు తీసే ముసలమ్మకు కూడా మెలకువ వచ్చేది కాదు. ఆ చెయ్యి నాకు చివరిదాకా రాలేదు. ఎంత సాధన చేసినా ఆగే ముందు ఒక చిన్న కుదుపు మిగిలిపోయేది. బ్రేకు సంగతిలో ఆయన మీద కుళ్ళుకోవడానికి నాకు హక్కు లేదు. కుళ్ళుకున్నాను, అది వేరే సంగతి.

మిగతాదంతా మాత్రం నాటకం. ఎక్కే ముందు ఇంజన్‌కు దండం పెట్టేవాడు. ఎత్తు మీద "రామ్మా, పెద్దమ్మా, ఇంకొంచెం" అని బతిమాలేవాడు. పక్కన అసిస్టెంటు దించిన తల ఎత్తకుండా పని చేస్తుంటే, బండి ఎక్కింది ఆ బతిమాలడం వల్లనే అని ఆయనా నమ్మేవాడు, స్టేషన్లో టీ కొట్టు దగ్గర విన్నవాళ్ళూ నమ్మేవాళ్ళు.

పలకల పొడి

నేను అసిస్టెంటుగా ఉన్నప్పటి ఒక వానాకాలం సంగతి. తడి పట్టాల మీద చక్రం జారితే, ఇంజన్లో ఉన్న ఇసుక పెట్టె నుంచి చక్రం ముందు ఇసుక రాలేట్టు చేస్తాం. చక్రానికి పట్టు వస్తుంది. ఆ రోజు మార్కాపురం రోడ్డు స్టేషన్‌కు వచ్చేసరికి పెట్టెలో ఇసుక తడిసి ముద్దయింది. గొట్టం దిగడం లేదు. ముందు నల్లమల ఎత్తు ఉంది.

మార్కాపురం మనుషులకు ఒక జబ్బు ఉంది, నాకూ ఉంది. పలకల గనుల నుంచి, పలకలు కోసే మిషన్ల దగ్గర నుంచి వచ్చిన రద్దును, రాతి ముక్కలనూ పొడినీ, మేము దేనికైనా వాడతాం. గుంత పూడ్చాలంటే పలక రద్దు. పునాదికి పలక రద్దు. ఇంటి ముందు బురద అయితే పలక రద్దు. కేశవులు అన్న ఆ ఊరి బిడ్డ. స్టేషన్ పక్కన షెడ్డు కింద పొడిగా కుప్ప పోసి ఉన్న పలకల పొడిని రెండు గోతాలు తెప్పించి, ఇసుక పెట్టెలో పోయించాడు.

నేను వద్దన్నాను. అది ఇసుక కాదు అన్నా, పిండి అని చెప్పాను.

"రాయి కాదా అది?" అన్నాడు. "రాయే కదమ్మాయ్. మన ఊరి రాయి మనకు పట్టు ఇయ్యకపోతే ఇంగెవురికి ఇస్తాది?"

కొండ కింది స్టేషను దిగువమెట్ట దాటాక ఎత్తు మొదలయ్యేసరికి వాన పెరిగింది. చక్రం జారింది. ఆయన పొడి వదిలాడు. తడి పట్టా మీద పలకల పొడి పడితే ఏమవుతుందో బడికి పోయిన ఏ పిల్లనైనా అడగండి. పలకను ఉమ్మితో తుడిస్తే వేలికి అంటే ఆ నల్లటి జిగురే. చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, బండి మాత్రం ఉన్నచోటే ఉంది. ఆయన ఇంకా వదిలాడు, ఇంకా జారింది. వెనుక బోగీల్లో జనం కిటికీలు తెరిచి మమ్మల్ని తిట్టడం మొదలుపెట్టారు.

దిగింది నేను. గోనెసంచితో పట్టాలు తుడిచింది నేను. వెనుక ఒక చిన్న వంతెన ఉంది, అట్లాంటి వాటి కమాను కింద వాన తడపని ఇసుక ఉంటుందని మా నాయన వెంట గొర్లకాడికి పోయిన కాలం నుంచి తెలుసు. వానొస్తే కాపరులు పడుకునేది అక్కడే. బకెట్టుతో ఆ ఇసుక మోసి, చక్రాల ముందు పట్టాల మీద చేత్తో చల్లుకుంటూ ముందు నడిచాను. బండి నా వెనుక, పెళ్ళికూతురి వెనుక ముసలి పేరంటాలు నడిచినట్టు నడిచింది. చీర కాదు కాబట్టి సరిపోయింది, ప్యాంటు మోకాళ్ళ దాకా బురద.

అవతలి స్టేషన్లో ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. కేశవులు అన్న దిగి నవ్వుతూ, పెద్దమ్మ ఎక్కేసినాది సార్, ఎట్లెట్లనో బతిమాలుకున్నా అన్నాడు. ఇన్‌స్పెక్టరు ఇంజన్ పక్క తట్టాడు. భేష్ అన్నాడు. ఎవరితో? ఇంజన్‌తో. నేను ఆ పక్కనే బురద కాళ్ళతో, ఖాళీ బకెట్టుతో నిలబడి ఉన్నాను. నన్ను చూసి, ఏమ్మా, జారి పడ్డావా అన్నాడు.

పిల్లలూ, ఈ కథలో మీకు పనికొచ్చేది పలకల పొడి గురించిన మాట ఒక్కటే కాదు. పని మీరు చేసినప్పుడు, బండి ఆగిన వెంటనే నోరు కూడా మీరే ముందు తెరవండి. నేను నోరుగల దాన్ననే పేరు నాకు ఆ తర్వాతే వచ్చింది. ఆ రోజు లేదు.

మేకపోతు తల తిప్పితే

అసలు సంగతి కూత. మా నాయనది యర్రగొండపాలెం పక్క, అడవి అంచు. గొర్లు కాసి నన్ను పాలిటెక్నిక్ చదివించాడు. గొర్రె సంగతి నాకు పుస్తకం చెప్పలేదు.

కూత పెట్టమని బోర్డు ఉన్న చోట పొడుగ్గా ఒక కూత పెట్టాలని రూలు. మనుషులకు సరే. గొర్రెకు ఆ కూత వినపడగానే భయం. భయమేస్తే గొర్రె పారిపోదు, పక్క గొర్రె కడుపులో తల దూర్చి నిలబడుతుంది. ఒకటి నిలబడితే మంద మొత్తం నిలబడుతుంది, సరిగ్గా పట్టాల మధ్య. నువ్వు ఎంత కూత పెడితే అంత గట్టిగా అతుక్కుంటాయి. నేను చేరిన ఏడాదే, దిగువమెట్ట దాటాక వచ్చే మలుపులో, అట్లాంటి మంద మీదికి బండి పోయింది. ఆగేలోపల అయిపోయింది. ఆ మంద తిరుపతమ్మది. దిగువమెట్ట అవతల గూడెంలో ఉండే మనిషి. మా ఇంజన్ చక్రాల పక్కన కూర్చుని ఏడవలేదు. బతికినవాటిని పేర్లు పెట్టి పిలుచుకుంటూ కొండ పక్కకు పోయింది. ఆ పిలుపులు నాకు చాలా రోజులు చెవిలో ఉన్నాయి.

గొర్రె తనంతట తాను దారి తీయదు. అందుకే మందలో రెండో మూడో మేకలను కలుపుతారు. ముందు మేకపోతు నడిస్తే వెనుక గొర్లు దాని తోక చూసుకుని నడుస్తాయి. కాబట్టి మనం మాట్లాడాల్సింది గొర్రెతో కాదు, మేకపోతుతో. నేను బోర్డు రాకముందే, దూరం నుంచే, రెండు పొట్టి కూతలు వేయడం మొదలుపెట్టాను. మేకపోతు తల ఎత్తి చూస్తుంది. అప్పుడు కాసేపు ఆగాలి. మేక ఆలోచించుకునే జంతువు, దానికి ఆలోచించే సమయం ఇవ్వాలి. తర్వాత రూలు ప్రకారం పొడుగు కూత. అప్పటికి మేకపోతు పట్టా దిగి ఉంటుంది, మంద దాని వెనుక ఉంటుంది.

కూతకు పిడి అసిస్టెంటు వైపు కూడా ఉంటుంది. నేను వేస్తుంటే కేశవులు అన్న మొదట నవ్వాడు. "కచేరీ బాగుంది చెల్లెమ్మా, తబలా కూడా తెచ్చుకో" అన్నాడు. ఒకటి రెండు వానాకాలాలు గడిచాక చూస్తే ఆయన కూడా అట్లాగే వేస్తున్నాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో మాత్రం మరిచిపోయాడు. మగవాళ్ళకు ఈ మరుపు సర్వీసుతో పాటు వస్తుంది.

పెద్దమ్మ బొంగురు గొంతులో ఆ రెండు పొట్టి కూతలు దగ్గులాగా వినపడేవి. కొండ అంచు మందలన్నీ దానికి అలవాటు పడ్డాయి. కాపరులూ అలవాటు పడ్డారు. దగ్గు వినపడగానే కర్ర ఎత్తి అదిలించేవాళ్ళు. ఆ మలుపు దగ్గర మళ్ళీ మా ఇంజన్ కింద మంద పడలేదు.

ఇంత చేసింది నేనని వాళ్ళకు తెలియదా? తెలియదు. కొండ మీద నుంచి చూస్తే ఇంజన్ కిటికీలో ఒక చెయ్యి కనపడుతుంది అంతే. దిగువమెట్టలో బండి ఆగితే కేశవులు అన్న దిగి, బీడీ ముట్టించి, కాపరులతో వానలూ గడ్డీ మాట్లాడేవాడు. నేను దిగేదాన్ని కాదు. దిగితే ఎక్కడికి పోవాలి, ఎవరు చూస్తారు, అదే ఆలోచన. మొదట్లో చెప్పాను కదా, బండి ఆగిన చోట దిగండి అని. కిడ్నీ కోసమే అనుకున్నారా? ముఖం కోసం కూడా. దిగనివాళ్ళ ముఖం ఎవరికీ తెలియదు.

ఆఖరి బండి

రాష్ట్రం రెండయ్యాక, కొత్త రాష్ట్రం, కొత్త రాజధాని అని అందరూ మాట్లాడుకుంటున్న ఆ మొదటి సంవత్సరాల్లో, మా లైను పక్కన కరెంటు స్తంభాలు నాటడం మొదలైంది. గుంటూరు వైపు నుంచి ఒక్కో స్టేషనూ దాటుకుంటూ తీగలు వచ్చాయి. డీజిల్ ఇంజన్లను ఒక్కొక్కటిగా పంపించేస్తున్నారు. పెద్దమ్మ వంతు వచ్చింది. గిద్దలూరు దాకా ప్యాసింజరు బండి లాగి, అక్కడితో దాని పని అయిపోతుంది. పూలు కడతారు, కొబ్బరికాయ కొడతారు, ఫోటోలు తీస్తారు.

ఆ బండి నాకు కావాలి. ఇంత వయసొచ్చి ఒక ప్యాసింజరు బండి కోసం పట్టు పట్టడం ఏమిటని మా ఇంట్లో వాళ్ళే అన్నారు. నాకు కావాలి అంతే. నా మోకాళ్ళ పని అయిపోతోందని నాకు తెలుసు. కరెంటు ఇంజన్ ట్రైనింగుకు నా పేరు పంపలేదు కూడా. పెద్దమ్మతో పాటే నా తోలుడు కూడా అయిపోతుంది. దాని ఆఖరి బండి నా ఆఖరి బండి. ఆయనకో, ఇంకా సర్వీసుంది, కరెంటు ఇంజన్ ఉంది.

లాబీకి పోయి ఇన్‌స్పెక్టరును అడిగాను. ఆయన నవ్వాడు.

"కేశవులూ ఆ ఇంజనూ జంటమ్మా. ఫోటోలో ఆయన లేకపోతే ఏం బాగుంటాది?"

"నేను తోలిన దినాల్లో అది ఒంటరిగా పోయినాదా సార్?" అన్నాను.

"అట్ల కాదమ్మా. సెంటిమెంటు."

సెంటిమెంటు అనే మాటకు అర్థం నేను ఆ రోజు తెలుసుకున్నాను. ముందే ఒకరికి ఇచ్చేసిన దాన్ని రెండోవాళ్ళు అడిగినప్పుడు చెప్పే మాట అది. నేను ఇంకా వాదించాను. గట్టిగానే వాదించాను, బయట టీ తాగుతున్నవాళ్ళు లోపలికి వచ్చి చూశారు. చివరికి ఆయన నాకు ఒక ముక్క విదిలించాడు. గిద్దలూరు నుంచి పెద్దమ్మను, పూర్తిగా ఆపేసి, చచ్చిన ఇంజన్‌గా కొండ అవతలికి ఈడ్చుకుపోతారు. అట్లా ఈడ్చేటప్పుడు అందులో ఒక మనిషి కాపలా కూర్చోవాలి, చేతి బ్రేకు చూసుకోవడానికి. ఆ డ్యూటీ కావాలంటే తీసుకో అన్నాడు. పెళ్ళి ఆయనకు, శవజాగారం నాకు. తీసుకున్నాను.

గొంగడి

ఆఖరి బండి వచ్చేటప్పటికి నేను గిద్దలూరు ప్లాట్‌ఫారం మీద ఉన్నాను. రాకూడదనుకున్నాను, వచ్చాను. కుళ్ళు మనిషిని ఇంట్లో కూర్చోనివ్వదు.

పెద్దమ్మకు బంతిపూల దండలు. ముందు అద్దాలకు పసుపు కుంకుమ. కేశవులు అన్న కిటికీలో నుంచి చెయ్యి ఊపుతున్నాడు. బండి ఆగింది, కుదుపు లేదు. ఆ ఆగడం చూసి కూడా నాకు మండింది.

కాపరులు నలుగురైదుగురు కొండ దిగి వచ్చారు. తిరుపతమ్మ ముందు ఉంది. చేతిలో కొత్త గొంగడి, సొంత మంద ఉన్ని వడికి నేయించింది. మా వైపు గొంగడి ఊరికే ఎవరికీ కప్పరు. అల్లుడికి కప్పుతారు, కులపెద్దకు కప్పుతారు. దాన్ని తెచ్చి కేశవులు అన్న భుజాల మీద వేసింది.

"ఈయప్ప కూత ఇనే మా మందలు బతికినాయి," అని అక్కడున్న అందరికీ చెప్పింది. "రెండు దగ్గులు దగ్గితే చాలు, మా మేకపోతు తల తిప్పుతాది. ఇంగే ఇంజనోడూ అట్ల దగ్గడు."

ఫోటోలు తీసేవాళ్ళు తీశారు. ఇన్‌స్పెక్టరు చప్పట్లు కొట్టాడు. కేశవులు అన్న గొంగడి సర్దుకుంటూ తల ఎత్తాడు, జనంలో నన్ను చూశాడు. చూపు పక్కకు తిప్పుకున్నాడు. ఆయన మరిచిపోలేదు అని నాకు అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళూ మరిచిపోయాడనే అనుకుని కాస్త క్షమించి ఉన్నాను. అదీ పోయింది.

జనం పలచబడ్డాక దగ్గరికి పోయాను.

"గొంగడి బరువుగా ఉందా అన్నా?" అన్నాను.

ఆయన నుదుటి చెమట తుడుచుకున్నాడు. "ఎండాకాలం కదమ్మా. ఉక్కపోస్తా ఉంది."

"తీసెయ్యి మరి."

తీయలేదు. అందరి ముందరా కప్పినారు చెల్లెమ్మా, ఇప్పుడెట్ల తీస్తా అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే ఇంకా కోపం వచ్చింది.

చచ్చిన ఇంజన్

మర్నాడు పొద్దున కరెంటు ఇంజన్ వచ్చి పెద్దమ్మకు తగులుకుంది. తోలేది మౌనిక. నా దగ్గర అసిస్టెంటుగా పని నేర్చుకున్న పిల్ల. ఏసీ ఉన్న క్యాబిన్, మూసుకునే కిటికీలు, తెల్ల చొక్కా. నా చొక్కా సర్వీసులో ఒక్క రోజూ సాయంత్రం దాకా తెల్లగా లేదు. దిగి వచ్చి, అక్కా, మీరు నా క్యాబిన్లోకి రాకూడదా, అందులో ఉడికిపోతారు అంది. మంచి పిల్ల. వద్దన్నాను.

చచ్చిన ఇంజన్లో కూర్చుంటే మొదట తెలిసేది నిశ్శబ్దం. ఇన్నేళ్ళు ఆ క్యాబిన్లో అరిస్తే తప్ప మాట వినపడలేదు. ఇప్పుడు పట్టాల కీళ్ళ చప్పుడు వినపడుతోంది, చెట్లలో పిట్టలు వినపడుతున్నాయి. నిన్నటి బంతిపూలు వాడిపోయి అద్దానికి కొట్టుకుంటున్నాయి. థ్రాటిల్ మీద చెయ్యి వేశాను. నాలుగో మెట్టు దగ్గర ఆగి చూశాను, అలవాటు. ఏమీ లేదు.

దిగువమెట్ట దాటాక మలుపు దగ్గర మౌనిక పొడుగ్గా కూత పెట్టింది. కరెంటు ఇంజన్ కూత శుభ్రంగా, సన్నగా ఉంటుంది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ. బండి నెమ్మదై ఆగింది. కిటికీలో నుంచి తల బయట పెట్టి చూశాను. పట్టాల మధ్య మంద. ఒకదాని కడుపులో ఒకటి తలలు దూర్చుకుని, మధ్యలో మేకపోతు కూడా ఎటూ పోలేక ఇరుక్కుని ఉంది. దాని మెడలో గంట. తిరుపతమ్మ కర్రతో పక్క నుంచి అదిలిస్తోంది, కదలడం లేదు.

వాకీటాకీలో మౌనిక గొంతు వచ్చింది. "అక్కా, గొర్లు కదలడంలా. కూత పెట్టేకొద్దీ ఇంకా దగ్గరికి అయిపోతాన్నాయి. ఏం చెయ్యాల?"

చెప్పవచ్చు. రెండు పొట్టి, ఒక ఆగుడు, ఒక పొడుగు. మూడు ముక్కల్లో అయిపోయే మాట. చెబితే ఆ పిల్ల వేస్తుంది, మంద కదులుతుంది. రేపటి నుంచి కొండ మీద తెల్ల చొక్కా పిల్ల కూత అంటారు. ఆమెకు ఇంకో గొంగడి నేస్తారు.

"నువ్వు ఊరుకో. నేను చూస్తా," అన్నాను.

చచ్చిన ఇంజన్‌కు కూడా ముందు ఇంజన్ నుంచి గొట్టాల్లో గాలి వస్తుంది. కూతకు కావలసింది గాలే, డీజిల్ కాదు. పిడి పట్టుకున్నాను. రెండు పొట్టి కూతలు. అదే బొంగురు, అదే దగ్గు. మేకపోతు గంట కదిలింది, తల మా వైపు తిరిగింది. ఆగాను. ఎంతసేపు ఆగాలో నా చేతికి తెలుసు. పొడుగు కూత పెట్టాను. మేకపోతు గొర్లను తోసుకుంటూ పట్టా దిగింది. దాని వెనుక ఒకటి, ఇంకొకటి, తర్వాత మంద మొత్తం పోసినట్టు దిగిపోయింది.

తిరుపతమ్మ ముందు కరెంటు ఇంజన్ కిటికీ వైపు చూసింది. తర్వాత పెద్దమ్మ వైపు నడిచి వచ్చింది. కింద నిలబడి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది.

"ఎవురమ్మా నువ్వు?"

"కూత పెట్టేదాన్ని."

"మరి ఆయప్ప?"

"ఆయప్ప బ్రేకు బాగా ఏస్తాడు. కూత నాది. మొదట్నుంచీ నాదే."

ఆమె నమ్మాలా వద్దా అని కాసేపు నన్ను చూసింది. తర్వాత పక్కన మేస్తున్న మేకపోతును చూసింది. దాన్ని నమ్మింది.

"గొంగడి ఒకటే నేసినాం కదమ్మా," అంది, తప్పు తనదే అయినట్టు.

"పోనీలే అత్తా. ఎండాకాలం," అన్నాను. కానీ నా కడుపులో కుంపటి చల్లారలేదు. చల్లారిందని రాస్తే అబద్ధం. గొంగడి ఆయన ఇంట్లోనే ఉంది, ఇప్పటికీ. చలికాలం ఆయన దాన్ని కప్పుకుని వీధి అరుగు మీద కూర్చుంటాడని విన్నాను.

కొండ అవతల పెద్దమ్మను అప్పగించి దిగాక మౌనిక అడిగింది, అక్కా, ఆ కూత ఎట్ల పెట్టినారు, నాకూ చెప్పండి అని. తర్వాత చెబుతాలే అన్నాను. తర్వాత కూడా రెండుసార్లు అడిగింది. మాట మార్చాను. ఇచ్చిన ప్రతిదీ ఇంకొకళ్ళ పేరు మీదికి పోయిన మనిషి చివరిదాన్ని పిడికిట్లో పెట్టుకుంటే తప్పేమీ లేదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

అయితే గొర్లకు నా కుళ్ళుతో పని లేదు. ఆ మలుపులో కరెంటు బండ్లు ఇప్పుడు ఇంకా వేగంగా పోతున్నాయి. కాబట్టి రాస్తున్నాను. కొత్తగా వచ్చే పిల్లలందరూ చదువుకోండి, మౌనికా, నువ్వు కూడా. దిగువమెట్ట దాటాక, బోర్డుకు చాలా ముందే, రెండు పొట్టి కూతలు. మేకపోతు తల ఎత్తేదాకా ఆగడం. ఆ తర్వాత ఒక పొడుగు. కరెంటు ఇంజన్ గొంతు సన్నం, మందలకు అలవాటు కావడానికి కొంత కాలం పడుతుంది. ఓపిక పట్టండి.

ఎవరు నేర్పారని అడిగితే ఆదిలక్ష్మి అని చెప్పండి. చెప్పకుండా వాడుకున్నా గొర్లకు తేడా తెలియదు. నాకు తెలుస్తుంది.